ఏ అలుగు? ఒక బొరియ కట్టిన డైరీ

మే 27

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా అమ్మమ్మ ఇంటి రోలు బాగానే ఉంది, ఇల్లే లేదు. నిరుటి వానలకు వంటింటి గోడ ఒరిగింది, దాన్ని ఆనుకున్న గోడలు వరసగా కూలాయి. పెంకులు ఊళ్ళో ఎవరో అడిగి పట్టుకెళ్ళారు, దూలాలు మామయ్య అమ్మేశాడు. మన్ను ఎవరికీ అక్కర్లేదు కాబట్టి కుప్పగా అక్కడే పడి ఉంది. వెనక పశువుల కొట్టం మాత్రం నిలిచింది. పద్నాలుగడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు, పైన రేకులు. ఈ వానాకాలం నా పనిచోటు అదే. వారానికి రెండుసార్లు హనుమకొండలో బస్సెక్కి నర్సంపేటలో దిగాలి, అక్కడి నుంచి పాకాల దారిలో ఆటో.

చేయదలచింది అలుగు మీద ఒక ప్రదర్శన. చలికాలంలో హనుమకొండలో పెట్టాలని ఉంది. ఈ మాట చిన్న తాతకు చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏ అలుగు బిడ్డా? చెరువుదా, అడవిదా?"

నవ్వొచ్చింది కానీ ప్రశ్న సరైనదే. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే కట్టడం అలుగు. ఒళ్ళంతా పొలుసులతో, నోట్లో పళ్ళు లేకుండా, చీమల్నీ చెదల్నీ తిని బతికే జంతువూ అలుగే. మూతి ముడుచుకుని కూర్చోవడాన్నీ అలగడమే అంటాం. కాకతీయులు చెరువులతో నింపిన ఈ నేలలో మొదటి అలుగు తెలియని పిల్లలు లేరు. రెండోదాన్ని కళ్ళారా చూసినవాళ్ళు మా ఈడు వాళ్ళలో నాకు ఒక్కరూ తగల్లేదు. నేనూ చూడలేదు. తాత మాత్రం కుర్రతనంలో రెండుసార్లు చూశాడట.

"ఉండలా చుట్టుకుంది. కర్రతో తట్టినా విప్పుకోలేదు. కోడలు అలిగితే అన్నం తినమని ఎంత బతిమాలినా లేవదు చూడు, అట్లా."

ఆ పొలుసుతో ఉంగరం చేయించుకుంటే మొలలు తగ్గుతాయని అప్పట్లో నమ్మేవారని కూడా చెప్పాడు. పొలుసులో ఉన్నది మన గోళ్ళలో ఉండే కెరటినే. ఆ లెక్కన గోళ్ళు కొరుక్కునేవాళ్ళెవరికీ మొలలు రాకూడదు.

మే 30

మొదటి ఆలోచన బొమ్మ. నిలువెత్తు కాకపోయినా అసలు కొలతలో ఒక మట్టి అలుగు, ఒక్కో పొలుసు విడిగా చేసి కాల్చి అతికించాలని. ఒంటి మీద 160 నుంచి 200 దాకా పొలుసులుంటాయి. మా ఊరి కుమ్మరి అన్న, నేను కలిసి రెండు రోజుల్లో 62 చేశాం. నీడలో ఆరబెట్టాం. చూడముచ్చటగా ఉన్నాయి.

మేనకోడలు సెలవులకు వచ్చింది, పదకొండేళ్ళు. పొలుసుల్ని వరసగా పేర్చుకుంటూ అడిగింది.

"అత్తా, అలుగు పగలంతా నేల లోపలే కదా ఉంటుంది?"

"అవును."

"మరి దాన్ని బయట పెట్టి చూపిస్తే అది అలుగు ఎట్లా అవుతుంది?"

జవాబు దొరకలేదు. కుమ్మరి అన్న చెయ్యి కడుక్కుని, "అక్కా, ఇక ఈ పూటకు ఆపుదాం" అన్నాడు. ఆయనకు అర్థమైంది, నేను మళ్ళీ మొదటికొచ్చానని.

మే 31

బొమ్మ వద్దు. బొరియ కడతాను.

జూన్ 4

ఈ రోజు సంగతి వివరంగా రాసుకోవాలి.

బొరియ కట్టడానికి చెలక మన్ను కావాలి. ఎర్రగా, కొంచెం ఇసుక కలిసి, తడిస్తే మెత్తబడి ఎండితే గట్టిపడే మన్ను. అడవిలోంచి తేవడం అన్న మాటే లేదు. పాకాల అభయారణ్యం, అక్కడి మన్ను తట్ట కూడా ఎత్తకూడదు. మామయ్య చెలకలో పాత గట్టు ఒకటి ఉంది, ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని ఎలాగూ తీసేస్తానన్నాడు. సరే, మనమే తవ్వుకుందామని పార తీసుకుని వెళ్ళాను.

పైన జానెడు మన్ను ఇటుకలా ఉంది. గడ్డపారతో పెళ్ళగించాను. మోకాలి లోతుకు వెళ్ళేసరికి తడి తగిలింది. ఇంత ఎండలో, వాన చుక్క లేని నేలలో అంత చల్లటి మన్ను ఉంటుందనుకోలేదు. ఇంకో రెండు పోట్లు వేశాక ఒక పెళ్ళ విడిపోయి, లోపల నిమ్మకాయంత గుల్ల కనిపించింది. గోడలు నున్నగా ఉన్నాయి, ఎవరో వేలితో మెత్తినట్టు. ఆ గుల్లలో ఒక కప్ప. లావుగా, పొట్టిగా, కాళ్ళు ఒంటి కిందికి లాక్కుని, కళ్ళు మూసుకుని ఉంది. చచ్చిందేమో అనుకున్నాను. గొంతు కింద చర్మం చాలాసేపటికి ఒకసారి కదిలింది.

బొరియ కప్ప. వెనక కాళ్ళ మడమల దగ్గర పార అంచులా గట్టి బుడిపెలుంటాయి, వాటితో నేలను తోసుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోతుంది. వానలు పడేదాకా అలా పడుకునే ఉంటుంది. ఇది అంతరించిపోతున్న జాబితాలో ఉన్నది కాదు. అయినా పార పట్టుకుని నిలబడ్డ మనిషికి జాబితాతో ఏమి పని? పోటు నాలుగు వేళ్ళు ఇటు పడి ఉంటే కప్ప రెండు ముక్కలు.

పెళ్ళను మళ్ళీ మూతలా పెట్టి, చుట్టూ మన్ను కప్పి, సీసాలో ఉన్న నీళ్ళు పోసి వచ్చేశాను. గట్టు తీయించవద్దని మామయ్యను అడిగాను. "ఒక కప్ప కోసమా?" అన్నాడు. ట్రాక్టర్ ఈ ఏటికి చుట్టు తిరిగి పోతుందని ఒప్పుకున్నాడు, వచ్చే ఏటి సంగతి చెప్పలేదు.

సాయంత్రం కొట్టం ముందు కూర్చుంటే ఎదురుగా అమ్మమ్మ ఇంటి కుప్ప. అరవై ఏళ్ళ కిందట ఇదే ఊరి చెలక నుంచి తవ్వి తెచ్చిన మన్ను. ఇప్పుడు అందులో ఎవరి కాపురమూ లేదు. మన్ను కోసం ఊరంతా తిరిగిన నాకు అది కనపడకపోవడం వింతే.

జూన్ 10

మృగశిర ప్రవేశించింది, ఇంట్లో చేపల కూర. రాత్రి మొదటి వాన. వాన వెలిశాక వీధి దీపం చుట్టూ ఉసిళ్ళు. పొద్దున్నే రెక్కలు వాకిలంతా పడి ఉన్నాయి. చిన్నప్పుడు చేటలో పోసి వేయించి పెట్టేవారు, బొరుగులతో కలిపి తినేవాళ్ళం.

ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. ఈ పనిలో నేను పదేపదే చెదల దగ్గరికే వస్తున్నాను. చెదలు లేకపోతే అలుగు లేదు, పుట్ట లేదు, పుట్ట లేకపోతే పుట్టగొడుగు లేదు. ఆ పేరులోనే అంతా ఉంది. కొన్ని జాతుల చెదలు పుట్ట లోపల బూజు తోటలు పెంచుతాయి, నమిలి తెచ్చిన కట్టె పొడి మీద. వానలకు ఆ బూజే గొడుగై పైకి వస్తుంది. ఉడుము కూడా పుట్టను తవ్వి గుడ్లు పెట్టి పోతుంది, లోపలి వెచ్చదనం గుడ్లకు సరిపోతుంది. అది కూడా పులి, అలుగులతో పాటు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నదే. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవైనట్టు అని సామెత ఉంది గానీ, పుట్ట పెట్టింది చీమలు కాదు. సామెతలో కూడా చెదలకు కూలి దక్కలేదు.

జూన్ 13 నుంచి 19

మన్ను పని. గోడ పెళ్ళల్ని దుడ్డుకర్రతో కొట్టడం, జల్లెడ పట్టడం, రాళ్ళూ గాజుముక్కలూ ఏరడం. పాత మన్నులోంచి ఏమేమి వచ్చాయో రాసుకున్నాను: అరవై ఏళ్ళ నాటి వరిగడ్డి పోగులు, ఇంకా పసుపు రంగు పోలేదు, ఒక కొక్కెం, రెండు పైసల బిళ్ళ, అమ్మమ్మ ఏటేటా పూసిన సుద్ద, జాజు పొరలు. ఒక పెళ్ళను అడ్డంగా పగలగొడితే తెలుపు, ఎరుపు, తెలుపు, ఎరుపు, చెట్టు కాండంలో వలయాల్లా. ఒక్కో పొర ఒక్కో పండుగ. ఆ పెళ్ళను ఇక పొడి చేయలేదు, పక్కన పెట్టాను.

జల్లించిన మన్నులో కొత్త వరిగడ్డి, పేడ కలిపి, గుంటలో నీళ్ళు కట్టి నాలుగు రోజులు నాననిచ్చాం. తర్వాత తొక్కడం. మన్ను కాలి వేళ్ళ సందుల్లోంచి పైకి రావాలి, అప్పుడు కుదిరినట్టు. కుమ్మరి అన్న గంట తొక్కినా అలసిపోడు, నాకు పావుగంటకే పిక్కలు పట్టేశాయి. మధ్యలో తాత వచ్చి చిటికెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, "ఇంకొంచెం గడ్డి" అనేసి వెళ్ళిపోయాడు. నిజమే, గడ్డి తక్కువైతే పగులుతుంది.

జూన్ 20

కొలతల గొడవ. అలుగు మెత్తటి నేలలో ఇరవై అడుగుల దాకా కూడా తవ్వుకుపోగలదు, రాతి నేలలో ఆరడుగులు దాటదు. నా కొట్టం పద్నాలుగడుగులే. అందుకే సొరంగాన్ని మధ్యలో వంచి కొనను గదిలా వెడల్పు చేస్తున్నాను. లావు విషయంలో అబద్ధమాడక తప్పదు. చూడటానికి వచ్చిన పిల్లలు దూరేంత ఉండాలి, పెద్దలు దూరాలంటే మోకాళ్ళ మీద పాకాలి. వెదురు బద్దలతో పంజరం, దాని మీద గోనెపట్టా, దాని మీద మన్ను మూడు పూతలు.

జూన్ 25

ఆరుద్ర పురుగులు వచ్చేశాయి. ఎర్ర పట్టుగుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు చెలకంతా. మేనకోడలు అగ్గిపెట్టెలో మూడు పట్టింది, సాయంత్రానికి వదిలిపెట్టించాను. ఏడాదిలో ఎక్కువ కాలం నేల లోపలే ఉండి, వాన వాసనకు నాలుగు రోజులు పైకి వచ్చేవాటిని అగ్గిపెట్టెలో పెట్టడం ఏమి న్యాయం?

దానికి బదులుగా ఇద్దరం ఒక గరాటు చేశాం. బెర్లీస్ అనే ఇటలీ శాస్త్రవేత్త 1905లో చేసిన ఉపాయం, బల్బు మాత్రం తర్వాత వచ్చి చేరింది. రెండు లీటర్ల సీసాను కోసి, మూతివైపు ముక్కను గరాటులా తిరగేసి, లోపల దోమతెర గుడ్డ పరిచి, దాని మీద దోసెడు మన్ను పోసి, పైన నలభై వాట్ల బల్బు వేలాడదీయాలి. వెలుగుకూ వేడికీ తట్టుకోలేక లోపలి జీవాలు కిందికి దిగుతూ దిగుతూ గిన్నెలో పడతాయి. ప్రయోగశాలల్లో కింద స్పిరిట్ పెడతారు. మేము తడి దూది పెట్టాం.

వేపచెట్టు కింద ఆకులతో కలిపి తీసిన దోసెడు మన్నులోంచి మర్నాటికి వచ్చినవి: ఒక పిల్ల రోకలిబండ, ఒక జెర్రి, లెక్కపెట్టలేనన్ని తెల్లటి చుక్కలు. భూతద్దంలో చూస్తే చుక్కలకు కాళ్ళున్నాయి. కొన్ని ముట్టుకుంటే ఎగిరి పడ్డాయి, వాటి పొట్ట కింద మడిచిన తోక స్ప్రింగులా విప్పుకుంటుంది. గడ్డిమందు కొట్టిన పత్తిచేను దోసెడు మన్నులోంచి రెండే పడ్డాయి. ఒక్క దోసెడు చూసి తీర్పు చెప్పడం శాస్త్రం కాదని నాకూ తెలుసు. మేనకోడలు మాత్రం తీర్పు చెప్పేసింది. తిరిగి వదిలేటప్పుడు పత్తిచేనువాటిని కూడా వేపచెట్టు కిందే వదిలింది.

భూమి మీది జీవజాతుల్లో దాదాపు 59 శాతం మట్టిలోనే బతుకుతున్నాయని 2023లో స్విట్జర్లాండ్ పరిశోధకులు లెక్క కట్టారు. ఆ అంకె చదివినప్పుడు పెద్దగా ఏమీ అనిపించలేదు. దూది మీద చుక్క ఎగిరినప్పుడు అనిపించింది.

జూలై 3

బూజు. సొరంగం పక్కన వేలాడదీయడానికి ఏడు ఖాదీ గుడ్డల మీద ఏడు నేలల రంగులు పూసి ఉంచాను: చెలక, దుబ్బ, రేగడి, చౌడు, చెరువు పూడిక, సుద్ద, కూలిన దర్వాజాకు పట్టిన చెదమన్ను. చేర్యాల నకాషీ పనివాళ్ళలాగే చింతగింజల జిగురు వాడాను. జిగురులో తుత్తం కలపడం మరిచిపోయాను. ముసురు పట్టిన వారానికి అన్నింటి మీదా పచ్చటి, తెల్లటి బూజు.

తుత్తం కలిపి మళ్ళీ పూయాలా? తుత్తం బూజును చంపే విషం. మట్టిలో ప్రాణముందని చెప్పే బొమ్మకు ముందు విషం పూయాలన్నమాట. ఒక పూటంతా దీని మీదే గడిచింది. చివరికి ఆరు గుడ్డలకు తుత్తం కలిపాను, నేనేమీ ఋషిని కాను. చెదమన్ను గుడ్డను మాత్రం అలాగే వదిలేశాను. బూజు పెంచేవాళ్ళ మన్ను అది.

రేగడి గుడ్డది వేరే కథ. ఎండగానే నెర్రెలిచ్చింది. రేగడిలోని బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, వేసవిలో చేలో చెయ్యి దూరేంత నెర్రెలు అందుకే. తేళ్ళు, కప్పలు ఎండకు దూరేది వాటిలోకే. అతకలేదు.

జూలై 12

సొరంగం కప్పు కూలింది. మూడో పూత ఆరకముందే మూడు రోజులు ఎడతెరిపి లేని వాన, రేకు సందు నుంచి కారిన నీళ్ళు వంపు దగ్గర పడ్డాయి. రెండడుగుల మేర పంజరం బయటపడింది. మేస్త్రీని పిలిపిస్తే చూసి నవ్వాడు. "రామప్ప గుడిని ఇసుక పునాది మీద కట్టారు, ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచింది. మీది ఎనిమిది రోజులు నిలవలేదు మేడం."

రేకుకు తారు పూసి వెళ్ళాడు. కూలిన చోటు అలాగే ఉంది. ఆ సందులోంచి చూస్తే లోపలి గది సగం చీకట్లో కనిపిస్తోంది.

జూలై 21

మేనకోడలు బడికి వెళ్ళిపోయే ముందు సొరంగంలో చివరిసారి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. పిలిస్తే, "ఇక్కడ నీ గొంతు వేరే ఊళ్ళోంచి వస్తున్నట్టుంది అత్తా" అంది. తర్వాత నేనూ పాకాను. బయట ఉక్కపోత, లోపల చల్లగా, పేడా గడ్డీ కలిసిన పాత ఇంటి వాసన. అమ్మమ్మ గదిలో మధ్యాహ్నం పడుకున్నట్టే ఉంది. మోచేతులు గీరుకున్నాయి.

ఆగస్టు 2

ఒక ప్రశ్న వారం నుంచి తొలుస్తోంది. పగలు లోపల పడుకున్నప్పుడు అలుగు వదులు మన్నుతో బొరియ మూతిని పూడ్చుకుంటుంది. అంటే తెరిచి ఉన్న బొరియ ఖాళీ ఇల్లు. మూసి ఉన్నదే కాపురమున్న ఇల్లు. నేను కట్టింది తెరిచిన బొరియ, పిల్లలు దూరడానికి వీలుగా.

న్యూయార్కులో ఒక మేడ గదిలో వాల్టర్ డి మరియా అనే కళాకారుడు 1977లో 22 అంగుళాల మందాన మట్టి నింపాడు. ఇప్పటికీ ఉంది. గాజు పలక ఇవతల నిలబడి చూడాలి. ఆ మట్టికి నీళ్ళు చల్లుతారు, చదును చేస్తారు, మొలిచిన పుట్టగొడుగుల్ని ఏరేస్తారు. ఫొటోలు చూసినప్పుడు గొప్పగా అనిపించింది, ఆ ఏరివేత సంగతి తెలిశాక మనసు విరిగింది. అంత మట్టి పోసి, అందులోకి ఎవరినీ రానివ్వకపోవడం.

అలాగని నా బొరియలోకి ఊరందరినీ రమ్మనడం మాత్రం ఏమంత గొప్ప? అలుగు అంతరించే ప్రమాదంలో ఉన్నదని ఐయూసీఎన్ అనే ప్రపంచ సంస్థ ఎర్ర జాబితాలో పడింది మనం దాని ఇంట్లోకి దూరబట్టే. 2016లో అంతర్జాతీయ వ్యాపారం మొత్తం నిషేధించారు, పొలుసుల దొంగరవాణా మాత్రం ఆగలేదు. రెండు తలల పామును లక్షలకు కొంటామని తిరిగే దళారులు మన ఊళ్ళకూ వస్తూనే ఉన్నారు. అన్నీ నేలను తవ్వి లాగేవే.

తాతను అడిగాను. "మూసెయ్ బిడ్డా" అన్నాడు, బీడీ వెలిగించుకుంటూ. ఇంకేమీ చెప్పలేదు.

ఆగస్టు 4

మూసేశాను. రెండు గంపల వదులు మన్ను. తొక్కలేదు, తడి చెయ్యితో అద్దానంతే. మేనకోడలికి ఫోను చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. అలిగింది. కూలిన చోట సందు ఉంది కదా, అక్కడి నుంచి చూడవచ్చని బుజ్జగించాను. అది కూడా వంగి, ఒక కన్ను మూసుకుంటేనే కనిపిస్తుంది. కనిపించేది చీకటే.

ఆగస్టు 9

మూతి ముందు ఆరడుగుల పొడవున జల్లించిన మెత్తటి మన్ను పరిచాను. ఈ ఉపాయం కలివికోడిది. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్ళీ కనిపించిన ఆ పక్షి రాత్రిపూట తిరుగుతుంది, మనిషి కంట పడదు. అందుకని పొదల మధ్య మెత్తటి మన్ను దారులు పరిచి, తెల్లారి అడుగుజాడలు వెతికారు. పక్షిని పట్టకుండా, వెలుగు వేయకుండా, అది వచ్చి పోయిందని మన్ను చేతే చెప్పించడం. ఈ కాలంలో నేను విన్న బొమ్మగీత విద్యల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అలుగైతే ముందు గోళ్ళు లోపలికి ముడిచి, వేళ్ళ కణుపుల మీద నడుస్తుంది. ఆ జాడ ఎలా ఉంటుందో ఊహించి గీద్దామనుకుని మానేశాను.

ప్రదర్శనలో ఈ మన్ను మీద రోజూ సాయంత్రం ఎవరో ఒకరు చీపురు ఆడించాలి. పొద్దున్న ఏముంటే అది.

ఆగస్టు 10

పొద్దున్న ఉన్నవి: పిల్లి అడుగులు, రాను మాత్రమే, పోను లేవు. ఒక సన్నటి గీత, రోకలిబండది కావచ్చు. కప్ప గెంతిన గుర్తులు నాలుగు.

ఆగస్టు 14

హనుమకొండలో స్థలం ఇస్తామన్నవాళ్ళు మట్టి తేవద్దంటున్నారు, కొత్తగా టైల్స్ వేయించారట. వేరే చోటు వెతకాలి. లేదంటే జనాన్నే ఇక్కడికి రమ్మనాలి. తాత ఈ రెండో మాటకు సంబరపడ్డాడు, వచ్చినవాళ్ళకు చాయ్ తానే పెట్టిస్తాడట.

మధ్యాహ్నం కొట్టంలో కూర్చుని ఇది రాస్తుంటే సన్న నడుము కందిరీగ ఒకటి వచ్చింది. మూసిన మూతి దగ్గర తడి ఆరని చోట వాలి, తల ఊపుతూ, మినపగింజంత మన్ను ఉండ చేసుకుని ఎగిరిపోయింది. చూస్తుంటే దూలం మీదికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. నేను చూస్తుండగా పదకొండుసార్లు. దూలం మీద గూడు బొటనవేలంత అయింది, అమ్మమ్మ గోడ రంగులోనే.

మూతి ఆరిపోతోందని వెళ్ళి కొంచెం నీళ్ళు చల్లి వచ్చాను.